పళ్లెం చుట్టూ సంతకాలు

పెద్దకర్మ అయి చుట్టాలందరూ రైలెక్కాక, బాపు మంచం కిందున్న రేకుపెట్టె బయటికి లాగాను. ముప్ఫై ఏళ్లు సర్కారు నౌకరీ చేసిన మనిషి పెట్టె ఎలా ఉంటుందో అలాగే ఉంది. బదిలీ ఆర్డర్లు, పెన్షన్ కాగితాలు, ఎర్రదారంతో కట్టిన ఫైళ్లు, కలరా ఉండల వాసన పట్టిన మఫ్లరు. అన్నిటికీ అడుగున పాత హిందీ పేపర్లో చుట్టిన ఇత్తడి పళ్లెం. దాన్ని చూడగానే నాకు ముందు వచ్చింది ఏడుపు కాదు, కోపం. ఆ పళ్లెం కనపడటం లేదని అమ్మ ఒకప్పుడు ఇల్లంతా తిరగేసి, ఆఖరికి అంట్లు తోమే ఆమె ఎత్తుకుపోయిందని తేల్చి, ఆమెను పనిలోంచి మాన్పించింది. అప్పుడు బాపు అక్కడే కుర్చీలో కూర్చుని పేపరు చదువుతున్నాడు. ఒక్క మాట అనలేదు. అమ్మ పోయేదాకా అదే నమ్మింది. పోయినవాళ్ల మీద కోపమేమిటని అంటారు గానీ, బతికుండగా నోరు విప్పని మనుషుల మీద ఇంకెప్పుడు కోప్పడాలో నాకు తెలియదు. పళ్లెం కింద నాలుగు మడతలు పెట్టిన కాగితం ఉంది. విప్పకముందే అదేమిటో తెలిసింది. తెలిసి కూడా, మంచినీళ్లు తాగొచ్చి విప్పాను.

ఆ పళ్లెం మా ఇంట్లో అన్నానికీ, సంఘానికీ ఉమ్మడి ఆస్తి. సంఘానికి లెటర్‌హెడ్ మీద రెండు వరుసలు పట్టేంత పెద్ద పేరుండేది. ఆ పేరుతో ఎవరూ పిలవలేదు. పాలమూరు నుంచి వచ్చి ఢిల్లీలో కాంక్రీటు మోసేవాళ్లు, మట్టి తవ్వేవాళ్లు, వాళ్లతోపాటు మా బాపులాంటి నలుగురైదుగురు గుమాస్తాలు కలిసి పెట్టుకున్నది. వాళ్ల నోట్లో అది 'సంగం'. బాపు దానికి కార్యదర్శి. మేము మయూర్ విహార్‌లో సర్కారు కట్టించిన ఫ్లాట్లలో రెండో అంతస్తులో ఉండేవాళ్లం. ఆ ఫ్లాట్ల స్లాబులకు కాంక్రీటు మోసినవాళ్లు యమున కట్ట వెంబడి గుడిసెల్లో ఉండేవాళ్లు. నడిస్తే పావుగంట. ఆదివారం పొద్దున బాపు తలకు నూనె రాసుకుని, ఇస్త్రీ చేసిన చొక్కా వేసుకుని, ఈ పళ్లాన్ని సంచిలో పెట్టుకుని బస్తీకి పోయేవాడు. వారం నడుమ వచ్చిన బాధ ఏదైనా, దానిమీద అర్జీ ముందు తెలుగులో రాసి, అందరినీ కూర్చోబెట్టి, పైకి చదివి వినిపించేవాడు. ఒక్కరికి ఒక్క మాట నచ్చకపోయినా కొట్టేసి మళ్లీ రాసేవాడు. ఆ తర్వాత పెద్ద కాగితం మీద పళ్లెం బోర్లించి పెన్సిలుతో చుట్టూ గీసేవాడు. అర్జీ ఆ గుండ్రం లోపల, సంతకాలూ వేలిముద్రల నిశానీలూ గుండ్రం చుట్టూ. బండిచక్రం ఆకుల్లా ఒక్కో పేరు బయటికి తిరిగి ఉండేది. దానికి మొదలూ లేదు, చివరా లేదు. చదివేవాడు ఏ పేరుతో మొదలుపెట్టాలో కాగితం చెప్పదు. ఆఫీసులో మొదటి సంతకం పెట్టినవాడికే మెమో వస్తుందని బాపుకు ఇరవై ఏళ్ల అనుభవం. ఎప్పుడో ఊళ్లో దొర మీద అర్జీ పెట్టినప్పుడు, పైన పేరున్న మనిషిని చెట్టుకు కట్టేశారని ఆయన తాత చెప్పాడట. ఆ రెండూ కలిసి ఈ చక్రం పుట్టింది.

నిశానీల సిరా పళ్లెం అంచు కింది గాడిలో ఇంకిపోయేది. అమ్మ చింతపండు పెట్టి ఎంత తోమినా ఊదారంగు గీత పోయేది కాదు. "ఓ శోభ బాపూ, నీ సంగపోల్లందరి ఏళ్లు కడిగిన నీళ్లు తాగుతున్నం మనం" అనేది. బాపు ఆ పళ్లెంలోనే జొన్నరొట్టె పెట్టించుకుని, పచ్చిపులుసులో ఉల్లిగడ్డ ముక్కలు ఏరుకుంటూ తినేవాడు. ఊరి నుంచి ఎవరొచ్చినా జొన్నపిండి తెచ్చేవాళ్లు. ఢిల్లీ వేడికి అది తొందరగా పురుగు పడుతుందని అమ్మ డబ్బాలో వేపాకు వేసేది. వంటింట్లో వేపాకు, ముందు గదిలో కార్బన్ పేపరు, వరండాలో కూలరు గడ్డి తడిసిన వాసన. నాకిప్పటికీ మా ఇల్లంటే ఈ మూడే. చలికాలం బట్టలు తీసేటప్పుడు ఇంకొకటి, కలరా ఉండలది. అప్పుడు నేను బీఏ రెండో ఏడు. కాలేజీలో డిబేట్లలో కప్పులు తెచ్చేదాన్ని, ఇంట్లో తెచ్చేదాన్ని తగువులు. బాపు తెలుగు అర్జీలను హిందీలోకీ ఇంగ్లీషులోకీ మార్చే పని నాదే. ఆ పని మీద నాకు గర్వం ఉండేది. ఆ చక్రం మీద మాత్రం చిన్నచూపు. "ఇంత భయమేంది బాపూ? నిజం రాసినప్పుడు వరుసగా పేర్లు రాయడానికేం? దాక్కునే సంతకం గూడ సంతకమేనా?" అనేదాన్ని. "దాక్కునుడు కాదు బిడ్డా, అందరం ఒక్కతీరుగ కనబడుడు" అని ఆయన రొట్టె తుంచుకునేవాడు. అది నాకు జవాబులా వినిపించేది కాదు.

ఆ ఏడు ఓటరు జాబితా కొత్తగా రాసినప్పుడు బస్తీ మొత్తం పేర్లు కొట్టేశారు. మీరు ఇక్కడివాళ్లు కాదు, మీ ఊళ్లో చూసుకోండి అన్నారు. ఊళ్లోనేమో వీళ్లు కనపడటం లేదని అక్కడ ఎప్పుడో కొట్టేశారు. అంతకుముందు ప్రతి ఎన్నికకూ చేతులు జోడించుకుని గుడిసె గుడిసెకూ వచ్చిన స్థానిక నాయకుడు పేర్లు పోయిన వారం నుంచి ఆ దారిన రావడం మానేశాడు. పేర్లు పోయిన నెలకు అతని మనుషులు వచ్చారు, ఇనుప రాడ్లతో, మిట్టమధ్యాహ్నం, మగవాళ్లు పనులకు పోయి ఉన్న వేళ. గుడిసెలు ఖాళీ చేయమన్నారు. బాలమ్మ అనే ఆమె అడ్డం నిలబడింది. అప్పటికి ముప్ఫై ఏళ్లుంటాయేమో, నేను అక్కా అనేదాన్ని. భర్త లేడు, రెండేళ్ల కూతురు. నెత్తిమీద ఎనిమిది ఇటుకలు పెట్టుకుని చెయ్యి ఆనించకుండా మూడంతస్తులు ఎక్కగలిగే మనిషి. ఆమె ఎడమచెయ్యి విరగ్గొట్టారు. ఠాణాలో ఫిర్యాదు రాసుకోలేదు. "తుమ్హారా తో వోట్ భీ నహీ హై" అన్నాడట అక్కడివాడు, మీకు ఓటే లేదు కదా అని. మునుపు ఓటుంటే బియ్యమో కంబళ్లో ఇస్తారనుకునేవాళ్లు బస్తీలో. ఓటు లేకపోతే చెయ్యి విరుగుతుందని ఆరోజే తెలిసింది.

బాపు ఆ సాయంత్రం నన్ను వెంటబెట్టుకుని పెద్ద తెలుగు సభ అధ్యక్షుడి ఇంటికి పోయాడు. ఆ సభ వేరు, మా సంఘం వేరు. అది ఆఫీసర్లది. అధ్యక్షుడు రావుగారు కోస్తా మనిషి, పెద్ద హోదా, మెత్తటి మాట. సభ లెటర్‌హెడ్ మీద ఒక ఉత్తరం రాసిస్తే ఠాణావాళ్లు కాస్త జంకుతారని బాపు ఆశ. ఉగాది కార్యక్రమం దగ్గర పడింది, వాళ్ల డ్రాయింగ్ రూములో ఆడపిల్లలు నాట్యం సాధన చేస్తున్నారు.

"కూర్చోండి, కూర్చోండి. పాపం, విన్నానండీ. చాలా బాధేసింది. కానీ మనం భాషకి సేవ చేసుకుంటున్నాం. ఇలాంటి వాటిల్లో తల దూరిస్తే రేపు హాలు కూడా ఇవ్వరు."

"ఒక్క ఉత్తరం సార్" అన్నాడు బాపు, లేచి నిలబడి. కూర్చోమన్న కుర్చీలో ఆయన కూర్చోనే లేదు.

"అదీగాక, వాళ్లంతా మీ వైపు వాళ్లు కదండీ. మీకో సంఘం ఉందిగా."

నేను ఆగలేకపోయాను. "మీరు ఉగాది చేసే హాలు స్లాబుకు కాంక్రీటు మోసింది ఆమెనే అంకుల్. రెండు చేతులూ మంచిగున్నప్పుడు. ఉగాది రోజు లోపల ఒక కుర్చీ వేస్తారా ఆమెకు?"

రావుగారి నవ్వు కదలలేదు. "అమ్మాయి బాగా చదువుకుంటోందన్నమాట" అన్నాడు బాపుతో. తిరిగొచ్చి మా మెట్లెక్కబోతూ బాపు అన్నాడు: "నీ నోటికి ఇయ్యాల బలమొచ్చింది. రేపు బాలమ్మకేమొస్తదో సూడాలె." ఆ మాట నాకు పిరికితనంలాగే వినిపించింది.

అర్జీ ఆదివారం రాశారు. కొట్టేసిన పేర్లు తిరిగి ఎక్కించాలని ఒక భాగం, కొట్టినవాళ్ల పేర్లతో సహా దాడి సంగతి ఇంకో భాగం. బాపు సిమెంటు బస్తా మీద కూర్చుని చదివాడు. చదవడం అయ్యాక పళ్లెం బోర్లించాడు. ఆ గుండ్రంలో హిందీ తర్జుమా నేను రాశాను. బాలమ్మ కట్టుకట్టిన చెయ్యి ఒళ్లో పెట్టుకుని కుడి బొటనవేలు ఆనించింది. దాని పక్కనే బాపు సంతకం పెట్టాడు, కార్యదర్శి అని హోదా రాసి మరీ. ఆయన సర్కారు నౌకరు. ఇలాంటి కాగితం మీద ఆయన పేరు పై అధికారి కంట పడితే ఏమవుతుందో ఇంట్లో మా ముగ్గురికీ తెలుసు. అందరూ అయ్యాక బాపు పేరు పక్కన వేలెడంత జాగా మిగిలింది. బాలమ్మ నావైపు చూసింది. "నువ్వు పెట్టవా బిడ్డా? రాసినదానివి నువ్వే గద." "ఫెయిర్ కాపీ అయినంక పెడ్త అక్కా" అన్నాను. అబద్ధం చెప్పాలని కాదు. నిజంగానే చిత్తుకాగితంలాంటి ఆ చక్రం మీద పెట్టడం నాకు నామోషీ.

అభ్యంతరాలు ఇచ్చే ఆఖరి రోజు శుక్రవారం. బాపుకు సెలవు దొరకలేదు. నేనూ బాలమ్మా పోయాం. కిటికీ వెనక గుమాస్తా కాగితం అందుకుని, అటు తిప్పి ఇటు తిప్పి, మెడ వంచి పేర్లు చదవబోయి, పక్క కుర్చీ మనిషిని పిలిచి మరీ చూపించాడు. "యే క్యా జలేబీ బనాకే లాయే హో? సీరియల్ నంబర్ కహాఁ హై?" ఇద్దరూ నవ్వారు. జిలేబీ కాదు, జాబితా కావాలి. ఒకటి, రెండు, మూడు అని వరుసగా, ప్రతి పేరుకు ఎదురుగా నిశాని. అయిదింటికి కిటికీ మూసేస్తారు. "దీదీ, ఆప్ తో పఢీ లిఖీ హైఁ" అన్నాడు నాతో, చదువుకున్నదానివి నీకు తెలియదా అన్నట్టు. వాడు ఎగతాళి చేసింది నన్ను కాదు, బాపును, బాపు పళ్లాన్ని. అయినా నేను సిగ్గుపడ్డాను, అదీ వాడి పక్షాన నిలబడి. బాపుకు ఫోన్ చేయొచ్చు. కానీ ఆయన సెక్షన్‌లో ఉన్న ఒక్క ఫోనూ పై అధికారి బల్ల మీద ఉంటుంది. సంఘం మాట అందులో మాట్లాడలేం. ఇదే నేను తర్వాత అందరికీ చెప్పిన కారణం. నిజమైన కారణమే. ఇంకో నిజం, నాకు ఫోన్ చేయాలని లేకపోవడం. ఎన్నాళ్లుగానో నేను గెలవాలనుకున్న వాదం నా చేతికి వచ్చింది.

లక్ష్మీ నగర్‌లో మెట్ల కిందున్న టైపు దుకాణానికి పోయాను, బాలమ్మను బస్తీకి పంపేసి. అప్పటికే ఆ వీధంతా కోచింగ్ సెంటర్ల బోర్డులు. మిషను ముందు కూర్చున్న ముసలాయన నేను చెప్పింది చెప్పినట్టు కొట్టాడు. మొదటి పేరు ఎవరిది అని అడిగాడు. నేను ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. బాలమ్మ. దెబ్బ తిన్నది ఆమె, అడ్డం నిలబడింది ఆమె, మొదటి స్థానం ఆమెది. డిబేట్‌లో అయితే జడ్జీలు తల ఊపే వాదన. మిగతా పేర్లు గుడిసెల వరుసలో చెప్పుకుంటూ పోయాను. బాపు పేరు దగ్గరికొచ్చి ఆగాను. ఇది బస్తీలో ఓటర్ల జాబితా కదా, ఆయన బస్తీలో ఉండడు కదా, రూలు ప్రకారం ఆయన పేరు ఇందులో అనవసరం. టైపు ఆయన "ఔర్?" అన్నాడు, ఇంకా ఉన్నాయా అని. "బస్, ఇత్నా హీ" అన్నాను, అంతేనని. ఆ వాదనలో ఇప్పటికీ తప్పు వెతకలేను. ఆరోజు నాకు ఊరట ఇచ్చింది అదే, ఈరోజు నిద్ర పట్టనివ్వనిదీ అదే. రూలు అంత గుర్తున్నదాన్ని, ఓటుకు సంబంధం లేని దాడి భాగాన్ని, కొట్టినవాళ్ల పేర్లను మాత్రం ఆ జాబితా పైన అలాగే ఉంచాను.

బస్తీకి తెచ్చి నిశానీలు వేయించేసరికి మూడున్నర. బాలమ్మ కాగితాన్ని చాలాసేపు చూసింది. చదవలేదు గానీ, ఆకారం తెలుస్తుంది కదా.

"గిదేంది బిడ్డా, నిచ్చెన లెక్కున్నది?"

"ఆఫీసోల్లు గిట్లనే కావాలన్నరు అక్కా. నీ పేరు అన్నిటికంటే పైన పెట్టిన."

"పైమెట్టు మీదున్నోల్లే గద కింద పడేది."

"లే అక్కా. మొదటి పేరంటే ఇజ్జత్."

"ఇజ్జతా!" అని నవ్వింది. "సారు సూసిండా?"

"సూస్తడు. ముందు నిశాని పెట్టు, కిటికీ మూస్తరు."

సారు చూశాడని నేను చెప్పలేదు. చూడలేదనీ చెప్పలేదు. ఆమె బొటనవేలికి సిరా రాసుకుని ఒకటో నంబరు ఎదురుగా పెట్టింది. జాబితా అయిదింటికి పది నిమిషాల ముందు కిటికీలోకి పోయింది. గుమాస్తా ముద్ర కొట్టి, "అబ్ ఠీక్ హై" అన్నాడు, ఇప్పుడు సరిగ్గా ఉందని. నేను ఫస్టు క్లాసు వచ్చినదానిలా ఇంటికొచ్చాను. తిప్పికొట్టిన చక్రాన్ని బాపు బల్ల మీద పెట్టి, పని అయిపోయిందని మాత్రం చెప్పాను. ఆయన అలసిపోయి ఉన్నాడు, మంచిదన్నాడు.

ఆ కాగితం ఆ కిటికీ నుంచి ఎవరి చేతుల మీదుగా పోయిందో మాకు ఎప్పటికీ తెలియలేదు. సోమవారం పొద్దున దాని నకలు పట్టుకుని ఆ మనుషులే బస్తీలోకి వచ్చారు, ఈసారి ఠాణా జవాన్లు ఇద్దరు వెంట. వెతుక్కోవాల్సిన పనే లేకపోయింది. "నంబర్ ఏక్ కౌన్ హై?" అన్నారట, ఒకటో నంబరు ఎవరని. బాలమ్మ లేచి నిలబడింది. బస్తీలో ఆరోజు పడగొట్టింది ఒక్క గుడిసె. జీపెక్కించింది ఒక్క మనిషిని. రెండో నంబరు మనిషిని ముట్టుకోలేదు. అంత పద్ధతిగా జరిగింది. ఠాణాలో పొద్దున్నుంచి సాయంత్రం దాకా అడిగింది ఒకే మాట: ఇది రాసిందెవరు, మీ వెనక ఎవరున్నారు? "నాకు రాయనొస్తదా సారూ? ఏలు పెట్టుమంటే పెట్టిన" అందట ఆమె. ఎన్నిసార్లు అడిగితే అన్నిసార్లు. కట్టు విప్పని ఆ చేతినే పట్టుకుని అడిగారని తర్వాత బస్తీ ఆడవాళ్లు చెప్పారు. ఆమె చెప్పలేదు.

కబురు నాకు మధ్యాహ్నం తెలిసింది. బాపు ఆఫీసు నుంచి చార్టర్డ్ బస్సు దిగేదాకా వీధి మలుపులో నిలబడ్డాను. అంతా చెప్పాను, నిచ్చెన మాటతో సహా. తిడతాడనుకున్నాను. తిడితే ఎదురు చెప్పడానికి నా దగ్గర వాదనలున్నాయి: గుమాస్తా, గడువు, రూలు. ఆయన టిఫిన్ డబ్బా సంచి నాకిచ్చి, జాబితా నకలు అడిగాడు. మలుపులోనే నిలబడి పైనుంచి కిందికి చదివాడు. వెనక్కి తిప్పి చూశాడు. మళ్లీ ముందుకు తిప్పాడు.

"ఇందుల నా పేరేదే శోభా?" అన్నాడు.

ఆయన అలాగే, మెడలో ఐడీ కార్డుతోనే, ఠాణాకు నడుచుకుంటూ పోయాడు. కార్యదర్శిని నేను, రాసింది నేను, నా పేరు రాసుకుని ఆమెను వదలండి అన్నాడు. రాసింది నేను అన్నాడు. ఆయన హిందీలో ఒక్క వాక్యం తిన్నగా రాయలేడని అందరికీ తెలుసు. బాలమ్మను చీకటి పడేలోపు వదిలారు. బాపుకు మెమో నెలలో వచ్చింది, తర్వాత ప్రమోషన్ రెండుసార్లు పక్కనుంచి పోయింది. ఓటరు జాబితాలో సగం పేర్లు తిరిగి ఎక్కాయి. ఒకటో నంబరు ఎక్కలేదు. గుడిసె లేదు కాబట్టి చిరునామా లేదన్నారు. ఆ తర్వాత బాపు ఏ అర్జీ తర్జుమాకూ నన్ను పిలవలేదు. పళ్లెం కూడా ఎన్నడు కనపడకుండా పోయిందో నేను గమనించలేదు. అమ్మ గమనించి, పనామెను మాన్పించింది. ఇప్పుడు ఆలోచిస్తే, ఆయన నోరు విప్పి ఉంటే పళ్లెం ఎందుకు దాచాడో చెప్పాల్సి వచ్చేది. నా సంగతి బయటికి రాకుండా ఉండటానికి ఇంకో ఆడమనిషి దొంగ అయింది. నేను ఊరుకున్న పాపం నాది, ఆయన ఊరుకున్నది ఆయనది. లెక్క కుదరదు, కుదర్చను కూడా.

రేకుపెట్టెలో ఆ చక్రం కాగితం దొరికిన వారానికి బాలమ్మను వెతుక్కుంటూ పోయాను. బస్తీని ఎప్పుడో ఎత్తేశారు. ఆమె ఘాజియాబాద్ అవతల, ఫ్యాక్టరీల వెనక సందులో, కూతురి దగ్గర ఉంటోంది. కూతురు కుట్టుమిషన్ కంపెనీలో పని చేస్తుంది, తెలుగు అర్థమవుతుంది, జవాబు హిందీలోనే. "అమ్మా, వో శోభా ఆంటీ ఆయీ హైఁ" అంది. బాలమ్మకు చూపు మందగించింది. ఎడమ మోచెయ్యి పూర్తిగా చాచలేదు. బాపు సంగతి చెబితే కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. కాగితం ఒళ్లో పరిచాను. ఆమె వేలితో చుట్టూ తడుముతూ పోయి, ఒక నిశాని దగ్గర ఆగింది. సరిగ్గా ఆమెదే.

"దీని పక్కకు సారుది ఉండాలె."

"ఉంది అక్కా."

"దాని పక్కకు?"

"ఖాళీ."

నేను సంచిలోంచి పెన్ను తీశాను. ఎందుకు తీశానో ముందే అనుకుని పోయానని ఒప్పుకుంటాను. మూత తీసిన చప్పుడుకు ఆమె తల ఎత్తింది.

"ఏం జేస్తున్నవ్?"

"నా సంతకం పెడ్త అక్కా. అప్పుడు పెట్టలే కదా."

బాలమ్మ కాగితాన్ని మెల్లగా మడత పెట్టింది, బాపు పెట్టిన మడతల మీదే. "ఇప్పుడెందుకు బిడ్డా? ఇప్పుడు నంబర్ ఏక్ ఎవరని అడగనీకి ఎవడొస్తడు?" అంది. కోపంగా అనలేదు. ఛాయ్ తాగి పొమ్మంది, తాగాను.

నేనిప్పుడుండేది మయూర్ విహార్‌లోనే, గేటూ గార్డులూ ఉన్న సొసైటీలో. మెట్రో ఎక్కితే అరగంటలో ఆఫీసు. పనికొచ్చే ఆడవాళ్లు అవతలి బస్తీ నుంచి వస్తారు, ఇప్పుడు వాళ్లు వేరే భాషల వాళ్లు. ఈమధ్య ఒక ఫ్లాట్లో గొలుసు పోయిందని, ఆ బస్తీవాళ్లెవరినీ గేటు లోపలికి రానివ్వకూడదని కమిటీ తీర్మానం చేసింది. గొలుసు పరుపు కింద దొరికింది, తీర్మానం మాత్రం అలాగే ఉంది. సొసైటీ వాట్సాప్ గ్రూపులో అందరూ నమస్కారాల బొమ్మలు పెట్టారు. నేను తీర్మానానికి వ్యతిరేకంగా ఒక ఉత్తరం టైపు చేసి లిఫ్టు పక్కన బోర్డుకు అంటించాను. పళ్లెం ఇంట్లోనే ఉంది, బోర్లించి గీయొచ్చు. గీయలేదు. చక్రం పది మంది కూర్చుని విన్నాక గీసేది. ఇక్కడ వినడానికి కూర్చున్నవాళ్లెవరూ లేరు. నిచ్చెనే వేశాను. ఒకటి అని రాసి, ఎదురుగా నా పేరు, ఫ్లాట్ నంబరు, సంతకం. కింద పాతిక వరకు అంకెలు వేసి పెట్టాను.

నిన్న సాయంత్రం లిఫ్టులో కమిటీ సెక్రటరీ కలిశాడు. "ఆ కాగితంలో నంబర్ వన్ మీరేనా మేడమ్?" అన్నాడు, నవ్వుతూనే. నేనే అన్నాను. ఇవాళ పొద్దున కూడా పాలకు దిగినప్పుడు చూశాను. రెండో నంబరు ఎదురుగా ఇంకా ఎవరూ పెట్టలేదు.